బుల్లెమ్మ చూసిన న్యూరెంబర్గ్

మా బుల్లెమ్మ జర్మనీ వెళ్ళి అప్పటికి డెబ్బై రెండు రోజులైంది. ఆ డెబ్బై రెండు రోజుల్లో తను చూసిన జర్మనీ ఏమిటో చెప్పనా? ఒక వంటిల్లు, ఒక బాల్కనీ, బట్టలుతికే మెషీను, వీధి చివర సూపర్ మార్కెట్టు, పిల్లాణ్ణి తోపుడుబండిలో తిప్పుకొచ్చే చిన్న పార్కు. అంతే!

ఎవరైనా కట్టేశారా అంటే అదేం లేదండీ. కొడుకు బంగారం. కోడలు అంతకన్నా మంచిది. నిజానికి కోడలి పురిటికి వియ్యపురాలు వెళ్ళవలసింది. ఆవిడకి సరిగ్గా అప్పుడే మోకాలి ఆపరేషన్ అయింది. అందుకని మా బుల్లెమ్మ మినపసున్ని, కరక్కాయ, నేతిగుడ్డలు సర్దుకుని విమానం ఎక్కింది. "అమ్మా, శనివారం ఊరు చూపిస్తా" అంటాడు కొడుకు. శనివారం వచ్చేసరికి వారానికి సరిపడా సరుకులు తేవాలి, ఇల్లు తుడుచుకోవాలి, వారమంతా నిద్రలేనివాళ్ళు కాసేపు నిద్రపోవాలి. ఆదివారం అక్కడ దుకాణాలన్నీ మూత. అలా పది శనివారాలు గడిచిపోయాయి. వీసా చూస్తే తొంభై రోజులే.

మనవాళ్ళలో ఇలా వెళ్ళొచ్చిన అమ్మలు ఎంతమందో! అమెరికా ఎలా ఉంది వదినా అని అడగండి. "చలి బాగా ఉందమ్మా. గిన్నెలు కడిగే మెషీను మాత్రం బాగుంది" అంటారు. ఆర్నెల్లుండి వచ్చినావిడకి కూడా అంతకన్నా చెప్పడానికి ఏమీ ఉండదు.

మొన్న మే నెలలో నేనూ, లెక్కలమ్మా కలిసి నాలుగు దేశాలు తిరుగుదామని బయల్దేరాం. (ఇవి గుంటూరు హాస్టల్లో పెట్టుకున్న ముద్దు పేర్లు. అసలు పేర్లు రాస్తే ఇద్దరూ నన్ను బతకనివ్వరు. నా ముద్దు పేరు మాత్రం అడక్కండి.) లెక్కలమ్మ లెక్చరరుగా రిటైరయింది. పెళ్ళి చేసుకోలేదు. ఏ ఊరు వెళ్ళినా ముందు ఆ ఊరి గురించి చదివి, నోట్సు రాసుకుని మరీ వెళ్తుంది. మ్యూనిక్‌లో ఉండగా బుల్లెమ్మకి ఫోన్ చేశాం. "న్యూరెంబర్గ్ ఇక్కణ్ణించి గంటంపావు రైలు. శనివారం పొద్దున వస్తున్నాం. రోజంతా మాతో తిరగాలి" అంది లెక్కలమ్మ. "అమ్మో, పిల్లాడో?" అంది బుల్లెమ్మ. "పిల్లాడికి అమ్మా నాన్నా ఉన్నారు" అని ఫోన్ పెట్టేసింది ఇది.

స్టేషన్లో దిగేసరికి కొడుకు పక్కన నిలబడి ఉంది. చీర మీద బూట్లు, పైన కోడలి కోటు, రెండు చేతులా రెండు సంచులు. ఆ అబ్బాయి తల్లిని మాకు అప్పగించిన తీరు చూస్తే, చిన్నపిల్లని మొదటిరోజు బళ్ళో దింపినట్టే ఉంది. "ఆంటీ, అమ్మకి రోడ్డు దాటడం కొంచెం భయం. ఇక్కడ బళ్ళు కుడిపక్కన వస్తాయి కదా. సాయంత్రం ఏడింటికి నేనొచ్చి తీసుకెళ్తాను" అని రెండుసార్లు చెప్పి వెళ్ళాడు.

అతను అటు వెళ్ళాడో లేదో బుల్లెమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఒసేయ్, మేమొచ్చిన రైలుకి డ్రైవరే లేడే!" అంది. అది నిజమే. భూమి కింద నడిచే ఆ రైళ్ళలో రెండు లైన్లకి డ్రైవర్లుండరు. 2008లో ఒక లైను అలాగే మొదలుపెట్టి, 2010కి రెండోదాన్నీ అలా మార్చేశారు. ముందు సీట్లో కూచుంటే అద్దంలోంచి సొరంగం మన మీదికి వస్తున్నట్టు ఉంటుంది. బుల్లెమ్మ మాత్రం దారి పొడుగునా కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుందట.

స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా లావుపాటి గుండ్రటి బురుజు. దాన్ని దాటితే పాతనగరం. చుట్టూ ఉన్న అయిదు కిలోమీటర్ల కోటగోడలో దాదాపు నాలుగు కిలోమీటర్లు ఇప్పటికీ నిలబడి ఉంది. ఎర్ర పెంకుల ఇళ్ళు, సన్నటి సందులు, కిటికీల్లో పూలకుండీలు. "ఎంత చక్కగా కాపాడుకున్నారో" అన్నాను. లెక్కలమ్మ నోట్సు తీసింది. "కాపాడుకోలేదు, మళ్ళీ కట్టుకున్నారు. 1945 జనవరి 2 రాత్రి బాంబులు పడి పాతనగరంలో నూటికి తొంభై పాళ్ళు కూలిపోయింది" అంది. ఆ తర్వాత ఏ గోడ చూసినా ఇది పాతదా, కొత్తదా అని ముట్టుకుని చూడడమే మా పని అయింది.

దారిలో లోరెంజ్ చర్చి. లోపల పైకప్పు నుంచి వేలాడుతూ ఓ పెద్ద చెక్కశిల్పం ఉంది. ఫైట్ ష్టోస్ అనే శిల్పి 1517-18లో చెక్కాడు. దేవదూత వచ్చి మేరీతో నీకు కొడుకు పుడతాడని చెప్పే దృశ్యం. బుల్లెమ్మ మెడ నొప్పి పుట్టేదాకా తలెత్తి చూసింది. "ఆవిడకి దేవదూత వచ్చి చెప్పాడు. నాకైతే మావాడు వాట్సాప్‌లో పెట్టాడు" అంది. చర్చి అని కూడా మర్చిపోయి ముగ్గురం నవ్వాం.

ఆ నవ్వు నది దాకానే.

పెగ్నిట్జ్ అని చిన్న నది ఊరి మధ్యగా పారుతుంది. వంతెన మీద నిలబడితే నీళ్ళ మీదే, రాతి కమానుల మీద కట్టిన పెద్ద భవనం కనిపిస్తుంది. 14వ శతాబ్దంలో ఒక ధనవంతుడు ముసలివాళ్ళకీ, రోగులకీ కట్టించిన ధర్మాసుపత్రి. ఇప్పుడు అందులో హోటలూ, వృద్ధాశ్రమం ఉన్నాయి. ఊళ్ళోకల్లా అందంగా కనిపించే చోటు అదే. అందరూ ఫోటోలు తీసుకుంటున్నారు. బుల్లెమ్మ నిట్టూర్చి, "ఎంత అందంగా ఉంటే ఏం లాభం? పిల్లలుండగా ఇలాంటి చోట పడి ఉండడం ఏం ఖర్మ" అంది.

"పిల్లలు లేనివాళ్ళ సంగతి?" అంది లెక్కలమ్మ. దానికి ఒంగోలు దగ్గర ఇలాంటి ఆశ్రమంలో గది తీసుకోవాలని ఉంది. అప్పటికి ఆ మాట నాకొక్కదానికే తెలుసు.

"నిన్ననలేదే..."

"నన్నే అన్నావు. ఇందులో ఉండే ముసలమ్మ కిందకి దిగి తన కాఫీ తను తాగుతుంది. నువ్వు? జర్మనీ వచ్చి రెండున్నర నెలలైంది. రైలు టికెట్టు ఎలా కొంటారో తెలుసా నీకు? కొడుకింట్లో జీతం లేని ఆయావి."

"ఆయానే! అయినా నా కోసం ఏడిచే పిల్లాడొకడున్నాడు. నీకెవరున్నారే?"

అనేశాక తనే బిత్తరపోయింది. నలభై ఏళ్ళ స్నేహంలో ఆ మాట మాలో ఎవరూ ఎప్పుడూ అనలేదు. లెక్కలమ్మ నోట్సు సంచిలో పెట్టేసుకుని ముందుకి నడిచింది. నేను ఇద్దరి మధ్యా, ఇద్దరికీ పది పది గజాల దూరంలో.

మాట్లాడుకోకుండా ఊరు చూడడం ఎంత కష్టమో మీకు తెలిసే ఉంటుంది. హాప్ట్‌మార్క్ట్ అనే పెద్ద అంగడి చౌకు చేరాం. మే నెల కదా, బల్లల నిండా స్ట్రాబెర్రీలు, బొటనవేలంత లావున తెల్లటి పిల్లితేగ కాడలు. ఆ కాడలంటే జర్మన్లకి మనకి మామిడికాయలంత పిచ్చి. జూన్ 24 దాటితే కోత ఆపేస్తారు. కూరలు చాలావరకు ఊరికి ఉత్తరాన ఉన్న పొలాల నుంచి వస్తాయట. ఆ ప్రాంతం పేరు 'వెల్లుల్లి సీమ'! మామూలుగా అయితే బుల్లెమ్మ ప్రతి బల్ల దగ్గరా ఆగి ధర అడిగేది. ఆ రోజు తల దించుకుని నడిచింది.

పన్నెండు గంటలకి అందరూ ఫ్రావెన్‌కిర్షె అనే చర్చి ముందు గుమిగూడారు. 1509 నాటి గడియారం అది. పన్నెండు కొట్టగానే ఏడుగురు రాకుమారుల బొమ్మలు బయటికొచ్చి, నాలుగో చార్లెస్ చక్రవర్తి చుట్టూ మూడుసార్లు తిరుగుతాయి. పిల్లలూ పెద్దలూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అప్పుడు లెక్కలమ్మ, మా ఇద్దరివైపూ చూడకుండా, గాలితో చెబుతున్నట్టు అంది: "1349లో ఇక్కడ యూదుల పేట ఉండేది. చౌకు కావాలని పేట పడగొట్టారు. 562 మందిని చంపేశారు. వాళ్ళ ప్రార్థనాలయం ఉన్నచోటే ఈ చర్చి కట్టారు. దానికి ఒప్పుకున్నవాడు ఆ కుర్చీలో కూచున్న చక్రవర్తే."

చప్పట్లు కొట్టిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు నాకు. చర్చి లోపల నేల మీద ఆ యూదుల గుర్తుగా ఆరు కోణాల నక్షత్రం ఉంది. ఆరువందల ఏళ్ళ తర్వాత నాజీలు ఇదే ఊళ్ళో 1935లో యూదుల పౌరహక్కులు తీసేసే చట్టాలు చేశారు. 1945-46లో ఆ నాజీ పెద్దల్ని విచారించిందీ ఇక్కడే. ఆ కోర్టు గది చూడడానికి మాకు టైము చాలలేదు.

చౌకు మూలన గోపురంలాగా పంతొమ్మిది మీటర్ల ఎత్తున ఒక ఫౌంటెన్ ఉంది. దాని చుట్టూ ఇనుప కటకటాలు, అందులో అతుకు లేని ఇత్తడి ఉంగరం. మూడుసార్లు తిప్పి మనసులో కోరుకుంటే తీరుతుందంటారు. బుల్లెమ్మకి కోరికలున్నాయి గానీ ఎత్తు లేదు! మునివేళ్ళ మీద లేచినా అందలేదు. అప్పుడు లెక్కలమ్మ వచ్చి, మాట్లాడకుండా దాని చేతిలో సంచులు తీసుకుని, రెండో వైపుకి లాక్కెళ్ళింది. అక్కడ నల్లటి ఇనుప ఉంగరం ఇంకోటుంది. బంగారు రంగుది వచ్చేపోయేవాళ్ళకి, అసలుది ఈ నల్లదేనని ఊరివాళ్ళంటారు. నడుం పట్టుకుని పైకెత్తింది. బుల్లెమ్మ గబగబా మూడుసార్లు తిప్పింది. ఇద్దరూ మళ్ళీ చెరోవైపు నడిచారు.

కోట ఎక్కేసరికి ఒంటిగంట. మోకాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. పైన గోడ దగ్గర బెంచీ మీద కూచుంటే ఊరంతా ఎర్రటి పెంకుల సముద్రంలా కనిపిస్తుంది. బుల్లెమ్మ సంచిలోంచి స్టీలు డబ్బాలు బయటికొచ్చాయి. చింతపండు పులిహోర, దద్దోజనం, ఊరమిరపకాయలు. ముగ్గురం తిన్నాం. రెండో ముద్ద దగ్గర లెక్కలమ్మ, "ఉప్పు సరిపోయింది" అంది. రెండు గంటల తర్వాత దాని నోట్లోంచి బుల్లెమ్మకి అందిన మొదటి మాట అది. "నీకని పల్లీలు ఎక్కువేశాను" అంది బుల్లెమ్మ. క్షమాపణలు మాలో అలాగే ఉంటాయి.

కోటలో అందరూ గదులు చూస్తారు. మాకు నచ్చింది నుయ్యి. కొండరాయిని తొలుచుకుంటూ దాదాపు యాభై మీటర్ల లోతు తవ్వారు. ముట్టడి వస్తే కోటకి నీళ్ళకి దిక్కు ఇదే. చూపించే అమ్మాయి చెంబుతో నీళ్ళు పోసి వేలు పెదాల మీద పెట్టింది. అందరం ఊపిరి బిగబట్టాం. ఒకటి, రెండు, మూడు... ఎక్కడో పాతాళంలో చప్పుడు. తర్వాత కొవ్వొత్తులు పళ్ళెంలో పెట్టి కిందకి దింపింది. వెలుగు చిన్నదై, చిన్నదై, ఆవగింజంత అయింది. "పాపం, ఎవరు తోడేవాళ్ళో" అంది బుల్లెమ్మ. పెళ్ళయిన కొత్తల్లో తను రోజుకి నలభై చేదలు తోడేదట. ఇంతమంది చూస్తున్నారు గానీ, ఆ ప్రశ్న దానికొక్కదానికే వచ్చింది.

అక్కణ్ణించి దిగితే డ్యూరర్ ఇల్లు. ఆల్‌బ్రెష్ట్ డ్యూరర్ అంటే జర్మనీలోకల్లా పేరున్న చిత్రకారుడు. 1509 నుంచి 1528లో పోయేదాకా ఈ ఇంట్లోనే ఉన్నాడు. చెవికి పెట్టుకునే ఫోన్లో ఇల్లు చూపించే గొంతు ఆయనది కాదు. ఆయన భార్య ఆగ్నెస్ మాట్లాడుతున్నట్టు పెట్టారు. మాకు భలే నచ్చింది. ఎవరింటికైనా వెళ్తే ఇల్లు చూపించేది ఇల్లాలే కదా!

వంటింట్లో ఆగిపోయాం. మసిబారిన పొయ్యి, కుండలు, చిన్న కిటికీ. లెక్కలమ్మ మళ్ళీ నోట్సు తీసింది. ఈసారి బుల్లెమ్మకే చెప్పింది. డ్యూరర్ తల్లి బార్బరా పద్దెనిమిది మందిని కంది. పెరిగి పెద్దయినవాళ్ళు ముగ్గురే. భర్త పోయాక, 1504లో కొడుకు దగ్గరికి వచ్చేసింది. 1514లో ఆవిడకి అరవై మూడేళ్ళప్పుడు కొడుకు బొగ్గుతో ఆవిడ బొమ్మ గీశాడు. రెండు నెలలకి పోయింది. అసలు బొమ్మ బెర్లిన్‌లో ఉంది. మేం కింద అమ్మకానికి పెట్టిన పుస్తకంలో చూశాం. ఎముకలు తేలిన మెడ, నుదుటి మీద ముడతలు, ఎటో చూస్తున్న కళ్ళు. ఏదీ దాచలేదు కొడుకు.

"కోడలితో పడేదా?" అంది బుల్లెమ్మ. ఇంత చరిత్ర చెబితే అడిగింది అది!

దానికీ లెక్కలమ్మ దగ్గర జవాబుంది. 1506లో డ్యూరర్ వెనిస్‌లో ఉండి రాసిన ఉత్తరాలున్నాయి. ఆయన అచ్చువేసిన బొమ్మలు అమ్మడానికి కోడలు ఫ్రాంక్‌ఫర్ట్ సంతకి వెళ్ళేది. అత్తగారు ఈ ఊళ్ళో పండగ సంతలో అమ్మేది. పద్దెనిమిది మందిని కన్న ఆవిడ బజార్లో నిలబడి బేరమాడేది! డ్యూరర్ పోయాక ఆయన స్నేహితుడొకడు, ఆగ్నెస్ సతాయించి సతాయించి మొగుణ్ణి చంపిందని ఉత్తరం రాశాడు. ఆ మాట వందల ఏళ్ళు నిలిచిపోయింది. ఈమధ్య చరిత్రకారులు దాన్ని నమ్మడం లేదు. ఆయన సంపాదనలో ఆవిడ కష్టమూ ఉందంటున్నారు.

అప్పుడే ఫోన్ మోగింది. కోడలు. వెనకాల పిల్లాడి ఏడుపు మా ఇద్దరికీ వినిపిస్తోంది. "అత్తయ్యగారూ, పాలు తాగాడు, బట్ట మార్చాను, అయినా ఊరుకోవడం లేదు." బుల్లెమ్మ మొహం పాలిపోయింది. "వచ్చేస్తున్నా తల్లీ" అంటూ సంచి భుజానేసుకుంది. నేను అడ్డుపడబోయాను. లెక్కలమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఫోన్ వాడి చెవి దగ్గర పెట్టమను. నువ్వు పాడవే. నీ గొంతే కదా వాడికి కావలసింది" అంది.

డ్యూరర్ వంటింటి కిటికీ దగ్గర నిలబడి మా బుల్లెమ్మ జోల పాడింది. మెల్లిగా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. పక్కనున్న ముసలి దంపతులు చెవిలోని ఆగ్నెస్‌ని తీసేసి ఇటు విన్నారు. రెండు మూడు నిమిషాలకి అటువైపు ఏడుపు ఆగింది. కోడలు గుసగుసగా, "పడుకున్నాడు అత్తయ్యా. తొందరపడి రాకండి. ఈయన వంట చేస్తున్నారు" అంది.

"వీడు వంటా!" అని బుల్లెమ్మ ఆశ్చర్యపోయింది. డెబ్బై రెండు రోజుల్లో ఆ అవకాశం వాడికి ఇది ఇవ్వలేదు మరి.

సాయంత్రం కాఫీ కొట్లో కూచున్నాం. ఆ ఊరి లెబ్‌కూఖెన్ తిని తీరాలన్నారు. మన వైపు అరిసెకి ఉన్నంత పేరు దానికక్కడ. ఎలిజెన్ రకం అన్నిటికన్నా మేలైనది. అందులో గింజపప్పులు నూటికి పాతిక పాళ్ళకి తగ్గకూడదు, పిండి పదికి మించకూడదు. తేనె చుట్టూ ఉన్న అడవిది, మసాలాలు వెనిస్ మీదుగా తూర్పుదేశాల నుంచి వచ్చేవి. కోడిగుడ్డు ఉంటుందని బుల్లెమ్మ తినలేదు, వాసన చూసింది. "దాల్చినచెక్క, లవంగం, యాలకులు, ధనియాలు... ఇది నా పోపులపెట్టె కదే!" అంది. (గుడ్డు తినేవాళ్ళు తెచ్చుకోండి. నెలరోజులైనా పాడవదు.)

లెక్కలమ్మ మాత్రం తినకుండా ఏదో రాస్తోంది. బిల్లు వెనకాల, తెలుగులో, ఒకదాని కింద ఒకటి: ఓపెర్న్‌హౌస్, ప్లెరర్, రోతెన్‌బుర్గర్, లియోన్‌హార్డ్, ష్వైనౌ, హోహె మార్టర్, ర్యోతెన్‌బాఖ్. "మీ రైలు యూ-2. ఏడోది మీది. అదే ఆఖరిది, రైలు ఇంక ముందుకి వెళ్ళదు. తప్పిపోవాలన్నా తప్పిపోలేవు" అని కాగితం దాని చేతిలో పెట్టింది.

బుల్లెమ్మ కాగితం చదువుకుంది. మళ్ళీ చదువుకుంది. కొడుక్కి ఫోన్ చేసి, "నువ్వు రావద్దులేరా, పిల్లాడి దగ్గర ఉండు" అంది. అటునుంచి అతను గట్టిగానే కంగారుపడ్డాడు. "డ్రైవరు లేకుండా రైలే వెళ్తోంది. తోడు లేకుండా నేను వెళ్ళలేనా?" అని పెట్టేసింది.

టికెట్టు మెషీను దగ్గర మేం చెయ్యి వెయ్యలేదు. ఇంగ్లీషు బొత్తాం ఎక్కడుందో చూపించి పక్కకి తప్పుకున్నాం. రెండుసార్లు తప్పు నొక్కింది. వెనకాల నిలబడ్డ కుర్రాడు ఓపిగ్గా ఆగాడు. మూడోసారికి టికెట్టు వచ్చింది. రైలు తలుపులు మూసుకునేముందు లెక్కలమ్మ చెయ్యి గట్టిగా నొక్కి, "పొద్దున నేనన్నది..." అంది. "పులిహోరతోనే పోయింది లేవే" అంది లెక్కలమ్మ. ముందు అద్దం దగ్గర సీటులో కూచుంది బుల్లెమ్మ. ఈసారి కళ్ళు మూసుకోలేదు.

మా రైలు ఏడున్నరకి. ఇంకా పగటి వెలుతురు ఉంది. ఇద్దరం ప్లాట్‌ఫారం మీద కూచుని ఫోన్ వంకే చూస్తున్నాం. ఏడూ పాతిక్కి మెసేజి వచ్చింది: "ఏడు అయ్యాయి." అంతే.

మేం ఇంటికి తిరిగొచ్చిన పది రోజులకి ఒక ఫోటో వచ్చింది. హాప్ట్‌మార్క్ట్‌లో ఫౌంటెన్ దగ్గర బుల్లెమ్మ, కోడలు. పురుడు వచ్చాక ఆ పిల్ల కూడా అంతదాకా బయటికి రావడం అదే మొదటిసారట. టికెట్లు కొన్నది అత్తగారే. కోడలు పిల్లాణ్ణి పైకెత్తి పట్టుకుంది. వాడి గుప్పిట నల్ల ఉంగరం మీద ఉంది. వెంటనే ఫోన్ చేశాను. "మొన్న నువ్వేం కోరుకున్నావే?" అని అడిగాను.

"చెప్తే తీరదుట. అయినా ఇప్పుడు తీరిక లేదు, ఫోన్ పెట్టెయ్. స్ట్రాబెర్రీ బేరం ఆడుతున్నా" అంది.